పని లేకుండా నడిచిన రోజు

మీలో ఎంతమంది ఏ పనీ లేకుండా, ఊరికే, ఇంట్లోంచి బయటికి నడిచి ఉంటారు? కూరగాయలకు కాదు, పిల్లల ఫీజు కట్టడానికి కాదు, దవాఖానకు కాదు, గుడికీ కాదు. ఊరికే! నన్నడిగితే నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నేనైతే ఒక్కసారి కూడా నడవలేదు. ఆ మొదటిసారి నడిచింది కూడా మన దగ్గర కాదు, లండన్‌లో. నవ్వకండి, మొదటి నుంచి చెప్తాను.

మాది కొండగట్టు కింద ఊరు. తల్లిగారిల్లు జగిత్యాల. ఇంటర్ పాసైన మరుసటేడు, 1996లో పెళ్ళి చేశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు సంగతి తెలిసిందే కదా, ఏ వాడకు పోయినా గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళు కనిపిస్తాయి. మా ఆయన కూడా 1998లో దుబాయి పోయాడు. అప్పుడు నాకు ఏడో నెల. పాప తండ్రిని మొదటిసారి చూసింది రెండేళ్ళ వయసులో. చూసి భయపడి నా కొంగు చాటున దాక్కుంది. ఆయన పూర్తిగా తిరిగొచ్చింది 2016లో.

ఇక నేను నడిచిన నడకంటే కొండగట్టు అంజన్న దగ్గరికే. హనుమాన్ జయంతికి జగిత్యాల నుంచి దాదాపు పదిహేను కిలోమీటర్లు, దీక్ష స్వాముల వెనకాల, చెప్పులు లేకుండా. అంటే నాకు మొక్కు ఉంటేనే నడక అన్నమాట!

ఆ పాపే పెద్దదై, పెళ్ళై, అల్లుడి ఉద్యోగం కోసం లండన్ చేరింది. 2024 ఫిబ్రవరిలో పురుడు పోయడానికి నేను వెళ్ళాను. పెట్టెలో శొంఠి, వాము, మెంతులు, కారప్పొడి, సకినాలు సర్దుకున్నాను. మీరెవరైనా వెళ్తే ఒక్క మాట గుర్తుంచుకోండి. పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ మన దేశం నుంచి అక్కడికి తీసుకుపోనివ్వరు. నెయ్యి కూడా అంతే. నేను కమ్మగా కాచిన వెన్ననెయ్యి డబ్బా ప్రయాణం ముందు రోజు మా చెల్లెకు ఇచ్చేయాల్సి వచ్చింది.

అమ్మాయి వాళ్ళుండేది ఈస్ట్ హామ్ అనే పేటలో. అక్కడి పెద్ద వీధిలో మన తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. దొండకాయలు, చిక్కుళ్ళు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. చూసి 'ఇంకేం భయం' అనుకున్నాను.

మనవడు పుట్టాడు. కాన్పు సుఖంగానే జరిగింది. మర్నాడే ఇంటికి పంపించేశారు. తర్వాత మంత్రసాని నర్సు ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసిపోయింది. నేను నా పద్ధతిలో నేనున్నాను. బాలింతకు చెవుల్లో దూది, తలకు రుమాలు, ఎల్లిపాయ కారం, వాము నీళ్ళు. కిటికీలన్నీ బందు. "సలిగాలి తగిలితే ముసలితనంల నొప్పులొస్తయి బిడ్డా" అని గడప దాటనివ్వలేదు. ఇరవై ఒకటో రోజు బాబును తొట్టెలలో కూడా వేశాం.

అంతా బాగానే ఉంది కానీ, మా అమ్మాయి మొహంలో నవ్వు లేదు. నెల దాటింది, రెండో నెల వచ్చింది. బాబు పాలు తాగి పడుకున్నాక గోడ వైపు తిరిగి ఏడ్చేది. "ఏమైందే?" అంటే "ఏం లేదమ్మా" అనేది. దిష్టేమోనని ఎండు మిరపకాయలు తిప్పి మాడ్చాను. అక్కడ పొగ వస్తే మోగే గంట ఇంటి కప్పుకే ఉంటుందని నాకేం తెలుసు? అది మోగిన మోతకు బాబు లేచి ఏడ్చాడు, వాడితో పాటు మా అమ్మాయీ ఏడ్చింది, ఆ పొగలో నేనూ ఏడ్చాను.

ఒకరోజు హెల్త్ విజిటర్ అని ఒకావిడ వచ్చింది. బాబు బరువు చూసింది. తర్వాత వాడిని నా చేతికిచ్చి, అమ్మాయి ఎదురుగా కూచుంది. నిద్ర పడుతోందా, నవ్వొస్తోందా, భయంగా ఉంటోందా అని ఒక్కొక్కటే అడిగింది. అమ్మాయి జవాబు చెప్పలేక వలవల ఏడ్చేసింది. ఆవిడ చెప్పిన మాటలు అల్లుడు నాకు తెలుగులో చెప్పాడు. కాన్పయిన కొత్తలో దిగులు చాలామందికి వస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే మాత్రం ఊరుకోకూడదు, డాక్టరుకు చెప్పాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అది తల్లి తప్పు అంతకన్నా కాదు. డాక్టరు దగ్గరికి పంపింది. మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సెలింగు మొదలైంది. దాంతో పాటు రోజూ కాసేపు బయట నడవమంది.

నాకు చురుక్కుమంది. "బాలింతను గాలిల తిప్పుతరా? నేను ఇంతమంది పురుళ్ళు సూడలేదా?" అన్నాను. అమ్మాయి నా వైపు తిరిగి మెల్లగా అడిగింది. "అమ్మా, నన్ను కన్నప్పుడు నువ్వు ఎట్లున్నవ్?"

నా నోట మాట రాలేదు. ఎట్లా ఉన్నాను? 1998లో తల్లిగారింట్లో, వెనక గదిలో, నేను కూడా గోడ వైపు తిరిగే ఏడ్చాను. ఒక్క రోజు కాదు, నాలుగు నెలలు. ఆయన ఉత్తరం వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఫోనంటే వీధి చివర ఎస్టీడీ బూతుకు పోవాలి. బాలింతను ఎవరు పోనిస్తారు? మా అమ్మ ప్రేమతోనే కిటికీ మూసింది. ఇప్పుడు నేనూ ప్రేమతోనే మూస్తున్నాను. ఈ మాట నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నా బిడ్డకు చెప్పాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. మర్నాడు పొద్దున లేచి ముందు కిటికీ తెరిచాను.

మొదటి రోజు సందు చివరిదాకా నడిచాం. తర్వాత పార్కు దాకా. బాబు తోపుడు బండిలో, అమ్మాయి కోటులో, నేను చీర మీద స్వెట్టరు, కాళ్ళకు మేజోళ్ళు, అల్లుడు కొనిచ్చిన బూట్లు. అద్దంలో చూసుకుని నాకే నవ్వొచ్చింది. అయితే అక్కడ నన్ను చూసి నవ్వినవాళ్ళు లేరు. ఎవరి నడక వాళ్ళది.

మే నెలలో ఒకరోజు ఎండ బాగా కాసింది. మన చల్‌గల్ మార్కెట్టుకు మామిడికాయలు వచ్చే రోజులని నేను దిగులుగా తలుచుకుంటున్నాను. అమ్మాయి అంది, "అమ్మా, ఇయ్యాల పార్కు వద్దు. ఊరు సూద్దాం. ఏం కొనేది లేదు, ఏం పని లేదు. ఉత్తగ నడుద్దాం." నాలుగు సర్వపిండి ముక్కలు కాగితంలో చుట్టుకుని బయల్దేరాం.

ఈస్ట్ హామ్ నుంచి భూమి కింద నడిచే రైళ్ళుంటాయి. ఒక్కో దారికి ఒక్కో రంగు. గులాబీ రంగు గీత దారి పట్టుకుని యూస్టన్ స్క్వేర్‌లో దిగాం. స్క్వేర్ అంటే మన చౌరస్తా అనుకునేరు. ఆ పేటలో మాత్రం చుట్టూ నాలుగు వైపులా ఇళ్ళు, మధ్యలో చెట్లూ పచ్చికా బెంచీలూ ఉన్న తోట. పూర్వం చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ దగ్గరే ఇలాంటి తోటల తాళం చెవులు ఉండేవట. ఇప్పటికీ తాళం వేసి ఉంచేవి కొన్ని ఉన్నాయి. మేం చూసినవన్నీ అందరికీ తెరిచినవే.

మొదట గోర్డన్ స్క్వేర్. చెట్ల కింద ఒక అమ్మాయి విగ్రహం, భుజాల దాకానే. పేరు నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాను వంశపు ఆడపిల్ల. తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీత విద్వాంసుడు. మన హైదరాబాదులో ఉండి, ఇక్కడి గురువు దగ్గరే సూఫీ మార్గం నేర్చుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, నూర్ బ్రిటన్ తరఫున రహస్యంగా ఫ్రాన్సులో దిగి వైర్‌లెస్ మీద కబుర్లు పంపింది. జర్మన్లకు పట్టుబడింది. 1944 సెప్టెంబరులో దాఖావ్ శిబిరంలో కాల్చి చంపారు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. ఈ విగ్రహం పెట్టింది 2012లో. మా అమ్మాయి ఆ రాతలు చదివి చెప్తుంటే, 'పిల్ల పిల్లే కదా' అనిపించింది.

పక్కనే టావిస్టాక్ స్క్వేర్. మధ్యలో కాళ్ళు మడిచి కూచున్న గాంధీగారు, 1968 నుంచి అక్కడే ఉన్నారు. చదువుకోవడానికి 1888లో ఆయన వచ్చింది ఈ ఊరికే. అదే తోటలో ఒక మూల లూయిజా ఆల్డ్రిచ్ బ్లేక్ అనే లేడీ సర్జన్ విగ్రహం ఉంది. ఆడపిల్లలకు వైద్యం నేర్పిన కాలేజీకి ఆమె పెద్దగా ఉండేది. గాంధీగారికి అందరూ దండం పెడుతున్నారు కదా అని, నేను ఆమెకు కూడా ఒకటి పెట్టాను.

రసెల్ స్క్వేర్ చేరేసరికి బాబు ఆకలికి ఏడుపందుకున్నాడు. నాకు కంగారు. చుట్టూ జనం, మగవాళ్ళు. "లోపలికి ఎక్కడికన్నా పోదాం" అన్నాను. అమ్మాయి బెంచీ మీద కూచుని, నా శాలువా కప్పుకుని, అక్కడే పాలిచ్చింది. ఎవరూ తిరిగి చూడలేదు. పాలిచ్చే తల్లిని అక్కడి నుంచి లేవమనడం ఆ దేశంలో చట్టానికి విరుద్ధమట, 2010లో చేసిన చట్టంలో ఉందట. నేను మాత్రం అలవాటు కొద్దీ ఎదురుగా గోడలా నిలబడ్డాను. కాసేపయ్యాక నాకే తెలిసింది, గోడ అక్కర్లేదని. నేనూ వెళ్ళి పక్కన కూచున్నాను.

అక్కడికి దగ్గరే బ్రిటిష్ మ్యూజియం. టిక్కెట్టు లేదు. సంచులు చూసి పంపిస్తారు. లోపల ఒక గదిలో అద్దాల వెనక మన అమరావతి స్తూపం రాళ్ళు! వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించిన రాళ్ళు వీటిలో ఉన్నాయి. 1880 నుంచి ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఉండాల్సినవి థేమ్స్ ఒడ్డు ఊళ్ళో ఉంటే ఎవరికి బాధ ఉండదు? వాటి మీద చెక్కిన ఆడవాళ్ళ వడ్డాణాలు, కాళ్ళ కడియాలు, జడలు చూస్తూ నిలబడిపోయాను. మా జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. అది చూడటానికి ఎన్నడూ పోలేదు కానీ, ఇంత దూరం వచ్చి ఈ రాళ్ళు చూస్తున్నానని సిగ్గేసింది.

అక్కణ్ణుంచి కోవెంట్ గార్డెన్‌కు నడిచాం. 1630లలో ఇటలీ ఊళ్ళను చూసి కట్టించిన చౌకం అది. తర్వాత కూరగాయలకు, పండ్లకు, పూలకు పెద్ద మార్కెట్టయింది. 1974లో ఆ మార్కెట్టును వేరే చోటికి మార్చి, పాత కట్టడాన్ని కూల్చకుండా బాగుచేసి, 1980లో దుకాణాలతో తెరిచారు. ఇప్పుడక్కడ వీధి కళాకారులు ఆటలాడతారు. ఒకడు నిలువు నిచ్చెన మీద నిలబడి కత్తులు ఎగరేస్తూ జనాన్ని నవ్విస్తున్నాడు. మన దొమ్మరాటే అనుకోండి. ఆట అయ్యాక టోపీ తిప్పుతూ నా దగ్గరికొచ్చాడు. నా దగ్గర చిల్లర లేదు. కష్టపడ్డవాడిని ఉత్త చేతులతో ఎట్లా పంపాలి? సంచిలోంచి ఒక సర్వపిండి ముక్క తీసి టోపీలో వేశాను!

అతను దాన్ని వాసన చూశాడు, కొరికాడు, రెండు చేతులూ జోడించి వంగి దండం పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మాయి తోపుడు బండి పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. బాబు పుట్టిన తర్వాత దాని నవ్వు వినడం అదే మొదలు. నేనేం మాట్లాడలేదు. మాట్లాడితే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని.

తర్వాత ట్రఫాల్గర్ స్క్వేర్. నడుమ దాదాపు 52 మీటర్ల స్తంభం మీద నెల్సన్ అనే నౌకాదళం పెద్ద, కింద నాలుగు కంచు సింహాలు, రెండు ఫౌంటెన్లు. వెనకటి ఫోటోల్లో కనిపించే పావురాల గుంపులు ఇప్పుడు లేవు. 2003 నుంచి అక్కడ మేత వేయనివ్వడం లేదు. ఆ మెట్ల మీద కూచుని మిగిలిన సర్వపిండి తిన్నాం. ఆయనకు వీడియో ఫోను చేసి ఊరంతా తిప్పి చూపించాను. కాసేపు ఊరుకుని ఆయన అన్నాడు, "పద్దెనిమిదేండ్లు దుబాయిల ఉన్న. క్యాంపు, బస్సు, సైటు. గిట్ల కూసోని ఒక్కనాడు ఊరు సూడలే." నాకు ఏమనాలో తెలియలేదు. "ఈసారి ఇద్దరం పోదాం తీయండి" అన్నాను.

అక్కణ్ణుంచి వైట్‌హాల్ అనే వెడల్పాటి వీధి. సర్కారు కచేరీలన్నీ అక్కడే. ఆ వీధి నడుమ ఒక నల్లటి కంచు దిమ్మె ఉంది. దానికి మనిషి బొమ్మ లేదు, చుట్టూ కొక్కేలకు తగిలించినట్టు పదిహేడు రకాల బట్టలు, కోట్లు, టోపీలు. రెండో యుద్ధంలో పనిచేసిన ఆడవాళ్ళ గుర్తుగా 2005లో పెట్టారు. నర్సులు, పొలం పనివాళ్ళు, ఫ్యాక్టరీల్లో వెల్డింగు చేసినవాళ్ళు, యుద్ధం అయిపోగానే బట్టలు తగిలించేసి ఇళ్ళకు వెళ్ళిపోయినట్టుంది. నేను ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. మన ఇళ్ళల్లో తలుపు వెనక కొక్కేనికి వేలాడే వంటింటి పాత చీర గుర్తొచ్చింది.

చివరికి పార్లమెంటు చౌకం. అక్కడున్న విగ్రహాల్లో గాంధీగారిది 2015లో పెట్టారు. అంతకుముందూ అందరూ మగవాళ్ళే. 2018లో గానీ ఒక ఆడమనిషికి చోటు దొరకలేదు. ఆమె మిలిసెంట్ ఫాసెట్, ఆడవాళ్ళ ఓటు కోసం పోరాడిన మనిషి. చేతుల్లో ఉతికి ఆరేసే బట్టలా ఒక గుడ్డ పట్టుకుని ఉంటుంది, దాని మీద రాతలు. అక్కడ ముప్పై దాటిన కొందరు ఆడవాళ్ళకు 1918లో, మగవాళ్ళతో సమానంగా 1928లో ఓటొచ్చింది. మనకో? స్వతంత్రం వచ్చాక 1951-52లో జరిగిన మొదటి ఎన్నికల్లోనే ఆడా మగా అందరికీ ఓటుంది. ఆ మాట చెప్పి మా అమ్మాయి ముందు కాస్త గొప్పపోయాను. అంతలో బిగ్ బెన్ గంట కొట్టింది. బాబు ఉలిక్కిపడి లేచి, ఏడవకుండా కళ్ళు పెద్దవి చేసి చూశాడు. అక్కడే ఆకుపచ్చ గీత రైలెక్కి ఇల్లు చేరాం. మొత్తం నడక చూస్తే నాలుగైదు కిలోమీటర్లే. నాకు మాత్రం చాలా దూరం పోయొచ్చినట్టుంది.

ఒక్క నడకతో దిగులంతా ఎగిరిపోయిందని చెప్తే అబద్ధం అవుతుంది. డాక్టరు, కౌన్సెలింగు, అల్లుడి ఓపిక, రోజూ నడక అన్నీ కలిస్తే జూలైకల్లా అమ్మాయి మామూలు మనిషైంది.

మీలో పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళుంటే నాలుగు మాటలు. కొత్త బూట్లతో దూరం నడవకండి, వారం ముందే ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోండి. మే నెలైనా చిన్న గొడుగు, శాలువా సంచిలో ఉండాలి. ఇంటి అడ్రసు, ఫోను నంబరు కాగితం మీద రాసుకోండి. కదిలే మెట్ల మీద కుడి పక్కన నిలబడాలి, ఎడమ పక్క తొందర ఉన్నవాళ్ళకు. పెద్ద మ్యూజియాల్లో బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, డబ్బు అడగరు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కరోజులో ఊరంతా చూసేయాలనుకోకండి. నడవండి, కూచోండి, మళ్ళీ నడవండి.

జూలైలో తిరిగొచ్చాక అంజన్న మొక్కు చెల్లించాను, ఎప్పటిలాగే చెప్పులు లేకుండా. తర్వాత వారం మా చెల్లెతో కలిసి జగిత్యాలలో ఊరికే నడిచాను. 1747లో ఫ్రెంచివాళ్ళ పద్ధతిలో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట మా తల్లిగారి ఊళ్ళోనే ఉంది. చుట్టూ కందకం. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ కోటను నేను నింపాదిగా చూసింది అదే మొదటిసారి. తిరిగి టవర్ సర్కిల్ దాకా వచ్చేసరికి కాళ్ళు పీకాయి. కాసేపు కూచుందామని చుట్టూ చూశాం. టీ కొట్టు బల్లల నిండా మగవాళ్ళే. చివరికి ఇద్దరం గుడి మెట్ల మీదికి వెళ్ళి కూచున్నాం. మన ఊళ్ళల్లో ఆడది పని లేకుండా కూచుంటే ఎవరూ ఏమీ అడగని చోటు గుడి ఒక్కటేనని అప్పుడు గమనించాను. మీ ఊళ్ళో ఎట్లా ఉందో ఒకసారి చూడండి.

మొన్న మా పక్కింటి అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వాళ్ళాయన మస్కట్‌లో ఉన్నాడు. చూద్దామని వెళ్తే గది చీకటిగా ఉంది. వాళ్ళమ్మతో అన్నాను, "వదినా, చెవుల దూది ఉండనియ్యి, తలకు రుమాలు ఉండనియ్యి. ఆ కిటికీ మాత్రం తెరువు." తర్వాత ఆ పిల్ల పక్కన కూచుని అడిగాను, "నిద్ర పడుతున్నదా బిడ్డా?"

ఇప్పుడు సాయంత్రాలు ముగ్గురం కలిసి కొండ కింద దారిలో కాస్త దూరం నడిచొస్తున్నాం. దారిలో ఎవరైనా "ఎటు పోతున్నరు?" అని అడుగుతారు. మొదట్లో ఏదో ఒక పని చెప్పేదాన్ని. ఇప్పుడు "ఎటూ లేదు, ఉత్తగనే" అంటున్నాను.